"సారు దొంగ కాదు కదా": టీవీ నేరకథల భయం అడ్డుపడిన ఒక కేసు

పిల్లల కౌన్సెలర్‌గా నేను చూసిన ఈ కేసు రాయడానికి పాప తల్లి ఒప్పుకుంది. బడి, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత పిల్లల ఆనవాళ్లు బయటపెట్టడం నేరం. చట్టం అడ్డు లేకపోయినా నేను ఆ పని చేయను. పిల్లలతో పనిచేసే కౌన్సెలర్లకు, బడి టీచర్లకు, అన్నిటికంటే ముఖ్యంగా పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నామని నమ్మే తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్నం. తండ్రి గల్ఫ్‌లో పనిచేస్తాడు, రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. ఇంట్లో తల్లి, నాయనమ్మ, పదకొండేళ్ల పాప, చిన్నవాడైన తమ్ముడు. అత్తాకోడళ్లిద్దరూ బీడీలు చేస్తారు. సాయంత్రం దీపాలు పెట్టాక చేటలు ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటారు. కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం వేళ్లకు ఎప్పుడో అలవాటైపోయింది కాబట్టి చూపంతా తెర మీదే. ఆ వేళకు వచ్చేది నేరాల కార్యక్రమం. చీకటి సందు, ముఖానికి గుడ్డ కట్టుకున్న మనిషి, రోడ్డు పక్కన ఆగిన వ్యాను, గుండె అదిరే మ్యూజిక్. పక్కనే కూర్చుని పాప హోంవర్క్ చేసుకునేది.

ఇది చాలదన్నట్టు గల్ఫ్ నుంచి తండ్రి యూట్యూబ్ క్లిప్పులు పంపేవాడు. వాటి వెనకాలే వాయిస్ మెసేజ్: "పాపను బయటికి పంపకు, ఎవ్వర్ని నమ్మకు." దూరాన ఉన్న తండ్రికి బిడ్డను కాపాడుకోవడానికి చేతిలో ఉన్న సాధనం అదొక్కటే. ఆ ప్రేమను నేను శంకించను.

ఆ ఇంటి భయానికి చరిత్ర ఉంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో పుకార్లు పాకి, తెలంగాణలో ఏ పాపం ఎరగనివాళ్లను జనం కొట్టి చంపారు. ఆ రోజుల్లో తమ వీధిలో మగవాళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారని తల్లి చెప్పింది. మరుసటి ఏడాది నవంబర్‌లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం రోజుల తరబడి అన్ని చానళ్లలో నడిచింది. అప్పటి నుంచి ఇంట్లో కొన్ని నియమాలు ఖాయమయ్యాయి. పాప ఒంటరిగా గేటు దాటదు. తెలియనివాళ్లతో మాట్లాడదు. ఆటో ఎక్కదు. బడి, ఇల్లు, ట్యూషన్, అంతే. మనవాళ్లున్న చోటికి మాత్రమే పోతుంది.

ట్యూషన్ సారు ఇల్లు దగ్గర్లోనే. ఏళ్లుగా ఆ వాడ పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. పండక్కి ఇంటికొస్తే నాయనమ్మ కుర్చీ తుడిచి వేస్తుంది. ఆయన మనవాళ్లలో లెక్క.

మా దగ్గరికి వచ్చిన సమస్య

పాపకు పొద్దున్నే కడుపునొప్పి. బడికి బయల్దేరే వేళకు మెలికలు తిరిగిపోయేది. పిల్లల డాక్టర్ చూశారు, స్కానింగ్ తీయించారు, నులిపురుగుల మందు ఇచ్చారు. పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. దర్గాకు వెళ్లి తాయెత్తు కట్టించారు. హాజరు తగ్గిపోతుంటే క్లాస్ టీచర్ మా దగ్గరికి పంపింది.

తల్లి దగ్గర కారణం సిద్ధంగా ఉంది. "నిద్రల ఉలిక్కిపడి లేస్తది మేడం. టీవీల కిడ్నాపులు సూసి సూసి దడుసుకున్నది."

కొట్టిపారేయదగ్గ మాట కాదు. పాప చీకటంటే భయపడేది, కిటికీ గడియ పడిందో లేదో మళ్లీ మళ్లీ చూసేది, తమ్ముణ్ని ఎవరైనా ఎత్తుకెళ్తారా అని అడిగేది. నేర వార్తలు అతిగా చూసే ఇళ్లలో పిల్లలకు ఇలాంటి భయం రావడం నేను చాలాసార్లు చూశాను. అందుకే మొదటి పని ఆ భయం మీదే మొదలుపెట్టాం.

మొదట చేసింది, అది ఎక్కడ ఆగిందంటే

రాత్రి నేరాల కార్యక్రమం కట్టేయమన్నాను. బీడీల పని వేళ పాటలు పెట్టుకోమన్నాను. పాపకు పడుకునే ముందు ఊపిరి మీద ధ్యాస పెట్టే సాధన నేర్పాను. బడికి మొదట ఒక పూట, తర్వాత పూర్తి రోజు వెళ్లేలా టీచర్‌తో మాట్లాడాను. కొన్ని వారాల్లో నిద్ర కుదుటపడింది, కిటికీ గడియ చూడటం తగ్గింది. కడుపునొప్పి మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

ఒక చికిత్సకు ఒక లక్షణం లొంగి ఇంకొకటి లొంగకపోతే, ఆ రెండిటి మూలం ఒకటి కాకపోవచ్చు. గోడ మీది తిథుల క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజల్లా పెన్సిల్‌తో గీత పెట్టమని తల్లికి చెప్పాను. దసరా సెలవులు అయ్యాక ఆమె ఆ క్యాలెండర్ గోడ నుంచి తీసి చుట్టుకుని తెచ్చింది. ఆదివారాల్లో ఒక్క గీత లేదు. బతుకమ్మ మొదలుకుని సెలవులన్నాళ్లూ ఒక్క గీత లేదు. ఆ సెలవుల్లో టీవీ మళ్లీ పొద్దంతా నడిచిందని, నేరాల కార్యక్రమం కూడా చూశారని తల్లే చెప్పింది. భయం టీవీదే అయితే సెలవుల్లో నొప్పి పెరగాలి.

మరి బడిలో ఏదైనా ఉందా? టీచర్‌ను అడిగితే, బడికి వచ్చాక పాప ఆడుతూ పాడుతూనే ఉంటుందని, చివరి పీరియడ్‌లోనే ముడుచుకుపోతుందని చెప్పింది. బడి అయ్యాక పాప నేరుగా వెళ్లేది ట్యూషన్‌కు. ఆదివారం ట్యూషన్ లేదు, దసరాకు లేదు. దీంతో సారే కారణమని నేను తేల్చుకోలేదు. లెక్కలంటే భయం కావచ్చు, ఆయన కొడుతూ ఉండొచ్చు, దారిలో ఎవరైనా ఏడిపిస్తూ ఉండొచ్చు. ఏదైనా పాప నోటి నుంచే రావాలి, నేను అందించకూడదు.

బొమ్మ

జాగ్రత్తగా ఉండాల్సిన మనిషి బొమ్మ వేయమన్నాను. చాలాసేపు శ్రద్ధగా వేసింది. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, ముఖానికి గుడ్డ, ఎర్ర క్రేయాన్‌తో కళ్లు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో చాక్లెట్. వెనకాల వ్యాను, దాని నంబర్ ప్లేటు ఖాళీ. పక్కన వీధి దీపం, అది వెలగడం లేదని చూపించడానికి నల్లరంగు పులిమింది. మా ఇంటి టీవీలో రాత్రిపూట చూపించే నాటకీకరణకూ ఆ బొమ్మకూ తేడా లేదు.

బడిలో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ పాఠం చెప్పారా అని అడిగాను. చెప్పారంది. నియమాలన్నీ గడగడా అప్పజెప్పింది. మరి బ్యాడ్ టచ్ ఎవరు చేస్తారు అంటే, "దొంగలు" అంది. ఆ పాఠం చెప్పిన చార్టులో పార్కు బెంచీ మీద తెలియని మనిషి బొమ్మ ఉంది. పాఠం పాప తలలో అప్పటికే ఉన్న టీవీ బొమ్మకు అతుక్కుపోయింది.

అప్పుడు ప్రశ్న మార్చాను. ఎవరు అని అడిగినంతసేపూ తెర మీది మనిషే వస్తాడు. అందుకని పని గురించి అడిగాను. "పెద్దవాళ్లు ఎవరైనా చేసే పనుల్లో నీకు అస్సలు నచ్చనిది, కానీ వద్దని చెప్పలేనిది ఏదైనా ఉందా?" ఇందులో ఏ మనిషీ లేడు, ఏ చోటూ లేదు, అవునో కాదో చెప్పి తప్పించుకునే వీలూ లేదు. పాప క్రేయాన్ల డబ్బా మూత పెట్టింది, తీసింది. లెక్క తప్పు చేస్తే సారు దగ్గర కూర్చోబెట్టుకుంటాడని మొదలుపెట్టింది. ఆమె చెప్పిన వివరాలు ఇక్కడ అవసరం లేదు. చదువు చెప్పే వంకతో ఆయన బట్టల మీద నుంచి తాకకూడని చోట తాకుతున్నాడు, మిగతా పిల్లలు వెళ్లాక ఆపుతున్నాడు, అమ్మకు చెబితే చదువు మాన్పిస్తుందని బెదిరించాడు. కొత్త పెన్నులు ఇచ్చాడు కూడా.

అమ్మకు ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఆ ప్రశ్నలో నింద ఉంటుంది. పాపే చెప్పింది: "అమ్మ దొంగలొస్తే అరువుమన్నది. సారు దొంగ కాదు కదా మేడం."

ఇంట్లో, బడిలో, టీవీలో ఎవరూ ఆ బిడ్డకు ఇలాంటి మనిషి ఉంటాడని చెప్పలేదు. అరవాల్సిన సందర్భం ఏదో ఆమెకు బాగా తెలుసు. తనకు జరుగుతున్నది అది కాదని నమ్మింది. అందుకే కడుపు మాట్లాడింది.

నేను ఆపైన తవ్వలేదు. ఆమె అన్న మాటలు అన్నట్టే, ఆ యాసలోనే రాసి తేదీ వేశాను. ఇలాంటి చోట మనకు తెలియాల్సింది ఫిర్యాదుకు సరిపడా మాత్రమే. వివరాలు రాబట్టడం పోలీసుల పని, మేజిస్ట్రేట్ పని. కౌన్సెలర్ పదిసార్లు అడిగితే పాప మాట అరిగిపోతుంది, రేపు కోర్టులో అది నేర్పిన మాటలా వినిపిస్తుంది. ఇది రహస్యంగా ఉంచలేనని, ఎవరెవరికి చెబుతానో, ఎందుకు చెబుతానో పాపకే ముందు చెప్పాను.

తల్లి నమ్మకపోవడం

"సారు అసొంటోడు కాదు మేడం. ఎన్నేండ్ల సంది జూస్తున్నం. మా మరిది గూడ ఆయన దగ్గర్నే సదివిండు."

మొదట లెక్కలు చెప్పాను. అత్యాచార కేసుల్లో నిందితుల్లో 90 శాతానికి పైగా బాధితులకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా చెబుతోంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12 వేలమందికి పైగా పిల్లలతో మాట్లాడారు. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లో, వాళ్లు నమ్మిన స్థానంలో ఉన్నవాళ్లో. తల్లి అంతా విన్నది. "ఉంటరు మేడం అసొంటోళ్లు" అన్నది. సారు మాత్రం అసొంటోడు కాదు.

ఆ లెక్కలు ఆమె అనుభవంతో పోరాడి గెలవలేవు. రోజూ చూసే కార్యక్రమంలో ప్రతి నేరస్థుడూ ముక్కూ మొహం తెలియనివాడే. ఇది చానళ్లవాళ్లు పనిగట్టుకుని చెప్పే అబద్ధమని నేను అనుకోను. తెర మీదికి ఎక్కగల నేరాల తీరే అది. బాబాయో, ట్యూషన్ సారో నిందితుడైన కేసులో ఆయన పేరు చెబితే బిడ్డ ఎవరో తెలిసిపోతుంది కాబట్టి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. గదిలో జరిగిన దానికి సీసీ ఫుటేజీ ఉండదు, వెంటాడే దృశ్యం ఉండదు. అది పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లతో సరిపోతుంది. రోడ్డు మీద అపరిచితుడు చేసిన నేరానికి దృశ్యం ఉంటుంది, ఊహించి నటింపజేయడానికి వీలుంటుంది, అది వారం రోజులు నడుస్తుంది. చూసేవాళ్ల మనసులో ఒకటి వందవుతుంది, వంద సున్నా అవుతుంది. అయితే చానళ్ల బాధ్యత అక్కడితో తీరదు. తెలిసినవాళ్ల నేరాలే ఎక్కువని ప్రతి ఎపిసోడ్‌లో ఒక్క వాక్యం చెప్పడానికి ఏ చట్టమూ అడ్డుపడదు. చెప్పరు, ఎందుకంటే అది చూసేవాణ్ని తన ఇంటివైపే తిప్పుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

లెక్కలు పక్కన పెట్టి తల్లికి కాగితం, పెన్ను ఇచ్చాను. గత నెలలో పాప ఎవరెవరితో ఒంటరిగా, పక్కన ఇంకెవరూ లేకుండా, కొద్దిసేపైనా ఉందో రాయమన్నాను. అనుమానితులను రాయమనలేదు, ఊరికే మనుషుల్ని రాయమన్నాను. ఆమె ఆలోచించి రాసింది. తాత, మేనమామ, పక్కింటి అన్న, కిరాణా కొట్టు పెద్దాయన, సారు. ఈ జాబితాలో తెలియనివాళ్లు ఎంతమంది అని అడిగాను. ఒక్కరూ లేరు. ఇన్నేళ్లుగా గేటు దగ్గర కాపలా కాసి తెలియనివాడికి ఆమె ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు. అంటే పాపకు ఏదైనా కీడు జరిగితే, అది ఈ కాగితం మీదివాళ్లలో ఒకరి వల్లే జరగాలి. ఈ ముక్క నేను నోటితో అనాల్సిన అవసరం రాలేదు. కాగితం చూస్తూ ఆమె సారు పేరు దగ్గర వేలు పెట్టి ఏడ్చింది.

ఆ జాబితా ఇప్పుడు నేను ప్రతి తల్లిదండ్రులతో రాయిస్తాను. అందులోవాళ్లందరినీ అనుమానించమని కాదు. బిడ్డకు జాగ్రత్తలు చెప్పేటప్పుడు కళ్లముందు ఉండాల్సిన మనుషులు వాళ్లే కాబట్టి.

"ఎన్‌కౌంటర్ చెయ్యాలె"

ఆ రాత్రి వీడియో కాల్‌లో తండ్రి రెండు మాటలు అన్నాడు. మొదటిది, వాణ్ని ఎన్‌కౌంటర్ చెయ్యాలె. రెండోది, ట్యూషన్ మాన్పించి ఊరుకుందాం, పరువు పోతది. ఒకదానికొకటి పొసగని మాటల్లా ఉన్నా రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయి. నేరస్థుడికి టీవీలో చూపించే ముగింపు ఒక్కటే. ఆ ముగింపు సారుకు పడదు, కాబట్టి ఏమీ చేయలేం అనిపించింది.

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర ఆ పశువైద్యురాలి కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. అది కేసు విచారణ కాదని, సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిపారని తేల్చిందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పూలు చల్లినంత సేపు కమిషన్ నివేదిక తెర మీద నిలవలేదు.

పక్క గదిలో పడుకున్న పాప ఆ మాటలు విన్నది. పొద్దున్నే తల్లితో, "నేను అబద్ధం చెప్పిన" అన్నది. నన్ను కలిసినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న, సారును చంపుతారా అని. పెన్నులిచ్చిన మనిషి, లెక్కలు బాగా చెప్పిన మనిషి తన మాటతో చచ్చిపోతాడంటే ఏ బిడ్డ మాట మీద నిలుస్తుంది? ఉరి, ఎన్‌కౌంటర్ అని పెద్దలు బిగ్గరగా అనే ఇళ్లలో పిల్లలు చెప్పింది వెనక్కి తీసుకోవడం నాకు కొత్త కాదు. బిడ్డ మీద ప్రేమతో అన్న ఆ మాటే బిడ్డ నోరు మూయిస్తుంది.

అందుకే శిక్ష సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. పన్నెండేళ్లలోపు బిడ్డ మీద ఇలాంటి నేరం చేసినట్టు రుజువైతే పోక్సో 10వ సెక్షన్ కింద ఐదు నుంచి ఏడేళ్ల జైలు. చంపరు. జడ్జిగారు వింటారు, సారు తరఫు మాట కూడా వింటారు, తర్వాత చెబుతారు. నిర్ణయం పాపది కాదు, జడ్జిగారిది. పాప పని ఒక్కటే, జరిగింది జరిగినట్టు చెప్పడం. ఇది విన్నాక పాప ముందు చెప్పిన మాటకే వచ్చింది, నేనేమీ అడగకుండానే.

తండ్రికి 19వ సెక్షన్ చెప్పాను. ఇలాంటి నేరం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. నేను చెప్పకపోతే నాకూ ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. కుటుంబం ఊ అన్నా కాదన్నా ఫిర్యాదు వెళుతుంది, కాబట్టి అందరం కలిసి పాప వెనక నిలబడి ఇద్దామన్నాను. తమ మీద భారం కాస్త తగ్గినట్టు వాళ్లకు అనిపించింది. ఊళ్లోవాళ్లు అడిగితే, చట్టం ప్రకారం మేడమే ఇచ్చింది అని చెప్పుకునే వీలు దొరికింది.

స్టేషన్, ఆసుపత్రి

పాపకు, తల్లికి పోలీస్ స్టేషన్ అంటే సినిమా స్టేషనే. 24వ సెక్షన్ ప్రకారం పాప మాటను ఇంట్లోగానీ ఆమెకు ఇష్టమైన చోటగానీ, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా రాసుకోవాలి. అమ్మమ్మ ఇంట్లో అయితే బాగుంటుందని పాప అంది. చుడీదార్‌లో వచ్చిన ఎస్సై మొదట తమ్ముడితో కాసేపు ఆడింది. ఆమె పోలీసని చెబితే పాప నమ్మలేదు.

అత్తాకోడళ్లకు ఇంకో నమ్మకం ఉంది, అంతా రిపోర్టులో తేలుతుందని. టీవీలో ఫోరెన్సిక్‌వాళ్లు గ్లౌజులు వేసుకుని వస్తారు, డీఎన్‌ఏ అంటారు, మర్నాటికి దొంగ దొరుకుతాడు. పాప ఒంటి మీద ఏ గుర్తూ లేదు కాబట్టి కేసు నిలవదని నాయనమ్మ తేల్చేసింది. బట్టల మీది తాకిడి ఒంటి మీద గుర్తు వదలదని, గుర్తు లేకపోవడం నేరం జరగలేదనడానికి రుజువు కాదని, పాప మాటే సాక్ష్యమని విడమరచి చెప్పాల్సి వచ్చింది. చర్మానికి చర్మం తగలకపోతే పోక్సో వర్తించదన్న బాంబే హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2021 నవంబర్‌లో కొట్టేసిందని, చూడాల్సింది లైంగిక ఉద్దేశమేనని చెప్పాను. వైద్య పరీక్షకు కూడా ఇలాగే సిద్ధం చేశాం. మహిళా డాక్టర్, తల్లి పక్కనే. రిపోర్టులో ప్రత్యేకంగా ఏమీ రాకపోవచ్చని ముందే చెప్పడం వల్ల, అది అలాగే వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ కుంగిపోలేదు.

బాలల సంక్షేమ కమిటీని పాప కోసం ఒక సపోర్ట్ పర్సన్‌ను, అంటే కేసు నడిచినన్నాళ్లూ పాపకు తోడుండే మనిషిని, ఇవ్వమని కోరాను. నన్నే ఉండమని తల్లి అడిగింది, నేను ఒప్పుకోలేదు. పాప మొదట చెప్పింది నాకు, కాబట్టి నేను సాక్షిగా నిలబడాల్సి రావచ్చు. సాక్షే పాప చెయ్యి పట్టుకుని కోర్టుకు తీసుకొస్తే ఎదుటి లాయర్ చేతికి ఆయుధం ఇచ్చినట్టే. కొత్త మనిషికి పాప అలవాటు పడేదాకా ఇద్దరం కలిసి కూర్చున్నాం.

వార్త

అరెస్టయిన మర్నాడు ఒక లోకల్ యూట్యూబ్ చానల్ "మానవ మృగం" అని శీర్షిక పెట్టి వేసింది. సారు ఫోటో, వాడ పేరు, పాప బడి గేటు. పాప పేరొక్కటే లేదు. ఇంత చెప్పాక పేరు చెప్పకపోవడం ఏ రకంగా దాచడం? జిల్లా బాలల సంరక్షణ విభాగం, పోలీసుల ద్వారా 23వ సెక్షన్ ఎత్తి చూపాక ఆ వీడియో తీసేశారు. ఈలోపు వాడంతా చూసింది.

ఆ శీర్షిక సారుకు చెడ్డ చేసిందని అనుకుంటాం. నేను చూసింది దానికి పూర్తిగా ఎదురు. వాడలో జనానికి తెలిసిన సారు ఫీజు కట్టలేని పిల్లలకు ఉత్తినే చెప్పేవాడు, గుడి కమిటీలో ఉండేవాడు. మృగం ఆనవాలు ఏదీ ఆయనలో వాళ్లకు కనబడలేదు. కాబట్టి కేసే అబద్ధమన్నారు. పాత పగలేవో ఉన్నాయన్నారు, గల్ఫ్ డబ్బుల మదమన్నారు. ఆ మనిషి మంచి పనులు చేశాడు, ఈ నేరమూ చేశాడన్న ఆరోపణ ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని చెప్పే కథ వాళ్లకు ఏ తెర మీదా దొరకలేదు. పాపకూ అదే గందరగోళం. "సారు మంచిగ గూడ ఉండేటోడు" అని తప్పు చేసినట్టు చెప్పేది. అలా అనిపించడం సహజమేనని, మంచిగా ఉన్న రోజులు నిజమేనని, అయినా ఆ పని తప్పేనని ఆమెతో చాలాసార్లు మాట్లాడాను. ఈ కేసులో నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే.

కోర్టు

సమన్లు వచ్చిన వారం కడుపునొప్పి తిరిగొచ్చింది. బోనులో నిలబెడతారు, నల్లకోటు లాయర్ వేలెత్తి అరుస్తాడు, సారు ఎదురుగా నిలబడి చూస్తాడు. ఇవన్నీ సినిమాలో చూసినవే. మాటలతో చెరిపేయడం కుదరదని ఈసరికి తెలుసు. కాబట్టి విచారణ లేని రోజున అనుమతి తీసుకుని సపోర్ట్ పర్సన్ పాపకు గది చూపించింది. హైదరాబాద్‌లో 2016లో బాధిత మహిళలకు, పిల్లలకు సాయం చేసే భరోసా కేంద్రం, 2018లో హాకా భవన్‌లో పిల్లలకు అనువైన కోర్టు మొదలయ్యాయి. 2022లో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలోనూ బలహీన సాక్షుల కేంద్రం, అంటే పిల్లల్లాంటివాళ్లు బెదరకుండా సాక్ష్యం చెప్పే చోటు, ఉండాలంది. పాప చూసిన గదిలో బోను లేదు. బల్ల, కుర్చీలు, ఒక తెర. సారు తెర అవతల ఉంటాడని, కనిపించడని చూపించారు. పాప ఆ కుర్చీలో కూర్చుని, లేచి, తెర వెనక్కి వెళ్లి అక్కడి నుంచి కుర్చీ కనబడుతుందో లేదో తానే చూసుకుంది. లాయర్ ప్రశ్నలు జడ్జిగారి ద్వారానే వస్తాయని, అరవనివ్వరని 33వ సెక్షన్ చెబుతుంది. మధ్యలో నీళ్లు తాగొచ్చా అని అడిగింది. తాగొచ్చన్నారు.

సాక్ష్యం ఇచ్చే రోజు తల్లి పక్కనే కూర్చుంది. పాప మధ్యలో రెండుసార్లు ఆగింది, నీళ్లు తాగింది, చెప్పాల్సింది చెప్పింది.

ఇప్పుడు

తీర్పు ఇంకా రాలేదు. ఏడాదిలోపు విచారణ ముగించాలని 35వ సెక్షన్ అంటుంది గానీ, వీలైనంతవరకు అనే మాట కూడా అందులోనే ఉంది. పాప రోజూ బడికి పోతోంది. వాయిదా తేదీ దగ్గరపడితే ఒకటి రెండు రోజులు కడుపు పట్టేస్తుంది, మళ్లీ సర్దుకుంటుంది. నాయనమ్మ ఈ విషయం మాట్లాడదు. తండ్రి క్లిప్పులు పంపడం మానేశాడు. ఈమధ్య వాయిస్ మెసేజ్‌లో, ఈ రోజు ఎవరెవరితో ఉన్నావు, ఏమేం చేశారు అని పాపను అడుగుతున్నాడు. సాయంత్రం చేటల ముందు టీవీ నడుస్తూనే ఉంది, ఇప్పుడు సీరియళ్లు.

బడివాళ్లు ఆ చార్టు మార్చడానికి ఒప్పుకున్నారు. కొత్తదానిలో మనిషి బొమ్మే లేకుండా వేయించాం, చేసే పనులు మాత్రమే ఉన్నాయి. కింద పిల్లల సహాయానికి ఫోన్ చేసే 1098 నంబర్. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు టీచర్ మొదట చెప్పే వాక్యం కూడా మార్చాం: ఈ పని ఎవరు చేసినా, మనవాళ్లే చేసినా, వాళ్లు నీకు చాలా ఇష్టమైనా, వచ్చి చెప్పొచ్చు. కొత్త చార్టుతో మొదటి పాఠం అయిన రోజు, ఐదో తరగతి పిల్లవాడొకడు చెయ్యెత్తి, "మామయ్య చేసినా చెప్పొచ్చా టీచర్?" అని అడిగాడట. టీచర్ తరగతి అయ్యాక వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని విన్నది, ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.